అచ్చులో మన పేరు

(డి.టి.పి., గ్రంథ రూపకల్పనలలో శిక్షణ ముగించుకున్న యువతీయువకులను ఉద్దేశించి రాజమహేంద్రవరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి మమ్మల్ని ఆహ్వానిస్తూ నిర్వాహకులు ఒక ప్రశ్నను మా ముందుంచారు. అది ఈ పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్న. "డిగ్రీ దాకా చదివించి చివరకు టైపు కొట్టే పనిలో పెట్టాలా? ఈ పనికి రేపన్నది ఉన్నదా?" ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి తియ్యని మాటలతో జవాబు చెప్పడం మాకు ఇష్టం లేదు. టైపు కొట్టడం ఒక్కటే నేర్చి ఆగిపోయేవారికి ఈ రంగంలో రోజులు దగ్గరపడ్డాయి. చెబితే వ్రాసుకునే ఫోన్లు, బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే యంత్రాలు ఇప్పటికే వచ్చాయి. అయితే పుస్తకాన్ని పుస్తకంగా తయారు చేయడం నేర్చినవారికి పని ఉన్నది. అటువంటివారి అవసరం మన సముదాయానికి మరీ ఎక్కువగా ఉన్నది. ఎందుకున్నదో వివరించడానికే ఈ నాలుగు మాటలు.

మేము ముద్రాపకులం కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా కాగితాల మధ్య జీవితం గడిపినవారం. సముదాయం కోసం కరపత్రాలు, దుఆ పుస్తకాలు, వినతిపత్రాలు, సంచికలు వేయిస్తూ ప్రెస్సుల గడపలు అరిగేటట్లు తిరిగినవారం. ఆ తిరుగుడులో చూసినవీ, పొరపాట్లు చేసి నేర్చుకున్నవీ మాత్రమే చెబుతాము.

మొదట ఈ వృత్తి గౌరవం గురించి. ప్రవక్త (సఅసం) వారిపై అవతరించిన తొలి ఆదేశం చదవమన్నదే. ఆ వెంటనే వచ్చిన ప్రస్తావన కలానిదే. అందువల్లనే ముస్లిం సమాజాలలో కాతిబుకు, అంటే అందంగా నకలు వ్రాసేవానికి, పండితునితో సమానమైన మర్యాద దక్కింది. మన తెలుగునే చూడండి. కలం, కాగితం, నకలు, దస్తావేజు, పుస్తకానికి అట్ట కట్టే జిల్దు - ఇవన్నీ అరబీ, ఫారసీ భాషల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలే.

మరొక మాట. ఈ రాష్ట్రంలో 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించిన బి.సి.-ఇ జాబితాను తెరిచి చూడండి. అందులో మొట్టమొదట కనిపించేది అచ్చుకట్టలవాండ్లు, అచ్చుకట్టువారు అనే వర్గం. చెక్క అచ్చులతో బట్టలపై అద్దకం వేయడం వారి కులవృత్తి. కాగితంపై అచ్చుకు ముందే బట్టపై అచ్చువేసిన చేతులు మనవి. కాబట్టి ఈ పని మనకు కొత్తదన్న బెరుకు అక్కరలేదు.

ఇక ఈ ఊరి సంగతి. కడప, కర్నూలు జిల్లాలతో పోల్చితే మన గోదావరి జిల్లాలలో ముస్లింల సంఖ్య బహు స్వల్పం. కానీ పుస్తకం విషయంలో మనం పుట్టిన నేల సామాన్యమైనది కాదు. 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఈ ఊరిలోనే సొంత ముద్రణాలయం నెలకొల్పుకున్నారు. కొండపల్లి వీరవెంకయ్య, అద్దేపల్లి, గొల్లపూడి వీరాస్వామి వంటి ప్రచురణ సంస్థల పేర్లు తెలుగువారున్న ప్రతి ఊరికీ తెలుసు. కాగితపు మిల్లు కూడా ఇక్కడే ఉన్నది. తెలుగు పుస్తకాల ముఖచిత్రానికి రూపురేఖలు మార్చిన బాపు గారు పుట్టింది నరసాపురంలో. ఆయన చేతివ్రాత తరువాత కంప్యూటరు ఫాంటుగా కూడా మారింది. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా గారు తెలుగు పద్యంలో, నాటకంలో పేరు గడించి, ఉమర్ ఖయ్యామ్‌ను తెలుగులోకి తెచ్చారు. ముస్లిం తెలుగులో వ్రాయడమేమిటని ఎవరైనా ఆశ్చర్యపోతే, ఆ సందేహం మన జిల్లాలో 1945కు ముందే, అంటే ఆయన కన్నుమూసేనాటికే తీరిపోయిందని చెప్పండి.

పుస్తకం మతాల మధ్య గోడ కట్టలేదు. లక్నోలో 1858లో ముద్రణాలయం స్థాపించి అరబీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలను దేశమంతటికీ అందించినవారు మున్షీ నవల్ కిశోర్. ఖుర్ఆన్‌ను మొదట తెలుగు చేసినవారు చిలుకూరి నారాయణరావు గారు. హైదరాబాదులో ఒక ముస్లిం యజమాని నడిపిన మీజాన్ తెలుగు పత్రికకు 1944లో సంపాదకులైనవారు మన భీమవరానికి చెందిన అడవి బాపిరాజు గారు. ఈ పరంపరను గుర్తుంచుకొని మీరు కూడా ఎవరి పుస్తకాన్నయినా సొంత పుస్తకమంత శ్రద్ధగా చేయండి. ఏ మతం వారి పుస్తకమని చూడకండి.

మేము మొదటిసారి ప్రెస్సు మెట్లెక్కిన రోజులలో సీసపు అక్షరాలు ఉండేవి. కంపోజిటరు కేసుల ముందు నిలబడి ఒక్కొక్క అక్షరాన్ని ఏరి స్టిక్కులో పేర్చేవాడు. తెలుగులో అక్షరం, గుణింతం, ఒత్తు అన్నీ కలిసి వందల గదులు. అవి ఎక్కడున్నాయో కళ్లు మూసుకొని చెప్పగలిగేవాడు. పైగా సీసపు అక్షరం అద్దంలో ప్రతిబింబం వలె తిరగబడి ఉంటుంది. దానిని అలాగే చదివి తప్పు పట్టుకునేవాడు. పదో తరగతి గట్టెక్కని కంపోజిటర్లు కూడా రచయితలకు తప్పులు చూపించడం మేము కళ్లారా చూశాము.

1985లో అమెరికాలో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరు, లేజర్ ప్రింటరు ఒకే సంవత్సరంలో తోడయ్యాయి. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే మాట అప్పుడే పుట్టింది. ఆ తరువాత తెలుగులో అను, శ్రీలిపి వంటి ఫాంట్లు వచ్చాయి. కొద్ది సంవత్సరాలలోనే కేసులు పాత ఇనుము దుకాణాలకు చేరాయి. ఉర్దూలోనూ ఇదే జరిగింది. మీర్జా అహ్మద్ జమీల్ వ్రాసిన వేలాది అక్షర సంపుటులు 1981లో నూరీ నస్తాలీఖ్‌గా యంత్రంలోకి ఎక్కాయి. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. ఎందరో కాతిబులు ఇంటిదారి పట్టారు. కంపోజిటర్లలోనూ, కాతిబులలోనూ నిలబడగలిగినవారు తమ పాత జ్ఞానాన్ని కొత్త పనిముట్టుపైకి తెచ్చుకున్నవారే. నేడు మీ ముందున్న పరిస్థితి కూడా అటువంటిదే.

ఆ పాత కన్ను పోవడం వల్ల ఏమి నష్టం వాటిల్లుతుందో మా సొంత తప్పు ద్వారా చెబుతాము. సుమారు ఇరవై ఏళ్ల క్రితం దుఆల చిన్న పుస్తకమొకటి వేయించాము. ఒక్కొక్క పేజీలో పైన అరబీ, కింద తెలుగు ఉచ్చారణ, దాని కింద అర్థం. తెలుగు భాగం కంప్యూటరులో కూర్చి ట్రేసింగు కాగితంపై తీశారు. అరబీ వాక్యాలను విడిగా వేరొక ట్రేసింగుపై తీసి, కత్తిరించి, ఖాళీలలో అతికించాలి. మాకు చూపిన ప్రూఫులో అరబీ ఉండవలసిన చోటు ఖాళీగా ఉన్నది. "అరబీ తరువాత అతికిస్తాము, మీరు తెలుగు చూడండి" అన్నారు. మేము తెలుగు చూసి సంతకం పెట్టాము. వెయ్యి ప్రతులు అచ్చయి వచ్చాయి. మగ్రిబ్ నమాజు తరువాత ఒక వృద్ధుడు ఆ పుస్తకాన్ని దీపం దగ్గరకు తీసుకువెళ్లి, చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "బాబూ, ఇది ఏ భాష?" అని అడిగారు. ఒక ఫారంలో అతికించిన ట్రేసింగులు తిరగబడ్డాయి. పారదర్శకమైన కాగితం కనుక ఏ వైపు పైకి పెట్టినా అక్షరాలు కనబడతాయి. ఆ పేజీలలోని అరబీ అంతా అద్దంలో చూసినట్లు ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతున్నది. ప్రెస్సులో అరబీ తెలిసినవారు ఒక్కరూ లేరు. తెలిసిన మేము చివరి ప్రూఫు అడగలేదు.

ఆ ఫారం తిరిగి అచ్చువేయించాము. చందాలిచ్చినవారికి ముఖం చూపలేకపోయాము. అంతకంటె కష్టమైనది మరొకటి. ఆ పాడైన కాగితాలను తూకానికి అమ్మలేము, చించి పారవేయలేము. ఇమామ్ సాహెబు గారితో కలిసి వాటిని తెల్లని బట్టలో మూటలు కట్టి, ఖబరస్తానులో అడుగు పడని ఒక మూల గొయ్యి తీసి పూడ్చాము. ఆ మూటలు మోసిన భుజం బరువు మేము నేటికీ మరువలేదు. ప్రెస్సువారిని నిందించడానికి ఈ సంగతి చెప్పడం లేదు. సంతకం మాది. అచ్చుకు వెళ్లే చివరి రూపాన్ని చూడకుండా సంతకం పెట్టరాదన్న నియమాన్ని ఆ రోజు నుంచి తప్పలేదు. ఆ ముద్రణాలయంలో అరబీ, తెలుగు రెండూ చదవగల పిల్లవాడు గానీ పిల్ల గానీ ఒక్కరుంటే ఆ గొయ్యి తీయవలసిన అవసరమే కలిగేది కాదు. మీ వంటివారి అవసరమున్నదని మేము అనడంలో మొదటి అర్థం ఇది.

రెండవది మన పేర్ల సంగతి. గుమాస్తాగా మేము వేలాది దరఖాస్తులు చూశాము. ఒకే తల్లి పేరు రేషను కార్డులో షేక్ పాతిమాబీ, పాసుపుస్తకంలో ఎస్.కె. ఫాతిమా, మరొక కార్డులో ఫాతిమున్నీసా. షేక్ అనే మాట ఎస్.కె. అనే రెండు పొడి అక్షరాలుగా, మొహమ్మద్ ఎం.డి.గా మారిపోవడం మీ అందరికీ అనుభవమే. ఆంగ్లంలో ఎక్కించిన పేరును యంత్రం తెలుగులోకి మార్చినప్పుడు మరొక రూపం పుడుతుంది. పింఛను దగ్గర, ఉపకారవేతనం దగ్గర, ఆస్తి పంపకం దగ్గర, ఓటర్ల జాబితా సవరణ దగ్గర ఈ తేడాలే అడ్డుగోడలవుతాయి. నీవు నీవేనని రుజువు చేసుకోమంటారు. నిజం చెప్పాలంటే ఆ కార్యాలయంలో మా చేతులతోనూ కొన్ని పేర్లు తప్పుగా వ్రాశాము. అప్పుడు అది చిన్న విషయమనుకున్నాము.

ఈ దరఖాస్తులలో చాలా భాగం మొదట తయారయ్యేది డి.టి.పి. దుకాణంలోనే. మీ ముందుకు వచ్చిన మనిషిని "అమ్మా, మీ పాత కాగితం ఒకటి చూపండి, అందులో ఎలా ఉన్నదో అలాగే వేస్తాను" అని మీరు అడిగితే, ఆరు నెలల తిరుగుడు ఆమెకు తప్పుతుంది. పెళ్లి శుభలేఖ అయినా, అఫిడవిట్ అయినా ఈ ఒక్క అలవాటు చేసుకోండి.

పుస్తకంలో ఈ బాధ్యత మరింత పెద్దది. మన భాషాధ్వనులు కొన్ని తెలుగు లిపిలో ఇమడవు. జకాత్‌లోని మొదటి ధ్వని తెలుగు జకారం కాదు. ఖాజీలోని ఖ, ఖలీఫాలోని ఖ ఒకటి కావు. బ్రౌన్ దొర నిఘంటువు నాటి నుంచీ ఉన్న ౙ అక్షరం కొంత ఆదుకుంటుంది. ఇటువంటి ధ్వనుల కోసం అక్షరం కింద పెట్టే నుక్తా చుక్కకు తెలుగు యూనికోడ్‌లో 2021లో స్థానం లభించింది. అన్ని ఫాంట్లలోకీ అది ఇంకా చేరలేదు. కాబట్టి ఏ పుస్తకం చేపట్టినా ముందుగా ఒక కాగితంపై పేర్ల పట్టిక వ్రాసుకోండి. ఖుర్ఆన్, హదీసు, ఖలీఫా, హుస్సేన్ - ఏ మాట ఏ రూపంలో ఉండాలో రచయితతో కలిసి నిర్ణయించుకొని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే పాటించండి. సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రను, తెలుగు ముస్లిం రచయితల వివరాలను గ్రంథస్థం చేస్తూ వచ్చారు. అటువంటి గ్రంథాలకు ప్రాణం పేర్లే. ఒక యోధుని పేరు ఇరవయ్యో పేజీలో ఒక విధంగా, నూరో పేజీలో మరొక విధంగా ఉంటే ఆయన ఇద్దరవుతాడు. అనుక్రమణిక లేకపోతే అసలు దొరకనే దొరకడు. మన చరిత్రను మనం రుజువు చేసుకోవలసి వస్తున్న రోజులివి. తప్పుల పుస్తకం రుజువుగా నిలవదు.

మూడవది, నేడు చాలామంది గమనించని నష్టం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ గారి పుట్టుమచ్చ, 1998లో జల్‌జలా కవితా సంకలనం, 2004లో వతన్ కథా సంకలనం వెలువడ్డాయి. తెలుగు ముస్లింలు తమ మాట తాము చెప్పుకున్న కాలమది. ఊరూరా చిన్న పత్రికలు, సంచికలు, వినతిపత్రాలు కూడా ఆ కాలంలోనే వచ్చాయి. వాటిలో చాలా భాగం పాత ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో కూర్చినవే. ఆ ఫాంట్లలో తెరమీద తెలుగక్షరం కనిపించినా, కంప్యూటరు లోపల అది ఏవో ఆంగ్ల గుర్తులు మాత్రమే. ఫాంటు లేకపోతే ఆ పేజీ అంతా అర్థం లేని గుర్తుల కుప్ప. వెదికితే దొరకదు. చూపులేని సోదరునికి యంత్రం చదివి వినిపించలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానమున్నా, 2001లో విండోస్‌తో పాటు మన గౌతమీ పాయ పేరే గల ఫాంటు వచ్చినా, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియకపోవడం వల్ల మన ప్రెస్సులు పాత దారిలోనే సాగాయి. ఆ ఫైళ్లున్న సీడీలు ఈనాడు ఇళ్లలో అటకలమీద గీతలు పడి చెడిపోతున్నాయి.

వాటిని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలున్నాయి. అయితే మార్చినప్పుడు కొన్ని ఒత్తులు తారుమారవుతాయి, కొన్ని అక్షరాలు ఎగిరిపోతాయి. మూలంతో పోల్చి వాక్యం వాక్యం దిద్దాలి. ఇది మన భాష, మన పేర్లు తెలిసినవారు చేయవలసిన పని. మసీదు కమిటీలకు, సంఘాలకు, పత్రికల నిర్వాహకులకు మా విన్నపం ఇది. మీ పాత సంచికలను బయటకు తీయండి. ఈ పిల్లలకు పని ఇవ్వండి. ఉచితంగా చేయమనకండి, పేజీకి ఇంత అని ముందే మాట్లాడుకొని చెమట ఆరకముందే చెల్లించండి.

ఇక జీవనోపాధి విషయం. స్వయం ఉపాధిపై అధికంగా ఆధారపడిన సముదాయం మనదని, మన స్త్రీలలో ఇంటి పట్టున చేసే పని ఎక్కువని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక తెలియజేసింది. ఇంటిపనిలో కూలి తక్కువ, బేరమాడే బలం తక్కువ. పుస్తక రూపకల్పన కూడా ఇంటి నుంచి చేయగల పనే, కానీ నైపుణ్యం పెరిగినకొద్దీ ధర పెరిగే పని. ఉర్దూ భాషాభివృద్ధి జాతీయ మండలి నడిపే ఏడాది డిప్లొమాలో బహుభాషా డి.టి.పి. కూడా భాగం. ఉర్దూ, తెలుగు, ఆంగ్లం మూడూ కూర్చగలిగినవారికి పోటీ తక్కువ.

నేర్చుకోవలసినవి మరికొన్ని. ఫారానికి 16 పేజీలు. మీ పుస్తకం 100 పేజీలు వచ్చిందంటే 6 ఫారాలు పోగా 4 పేజీలు మిగిలి రచయితకు అదనపు ఖర్చు తెస్తాయి. రచయితతో మాట్లాడి, అక్షరం నలగకుండా 96కు సర్దగలగడమే రూపకల్పన. తెలుగుకు కింద ఒత్తులుంటాయి కనుక పంక్తుల మధ్య ఆంగ్లం కంటె ఎక్కువ చోటు విడవాలి. మన పాఠకులలో వృద్ధులెక్కువ, అక్షరం చిన్నది చేసి కాగితం మిగల్చకండి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజరును ఎంచుకోకపోతే తెలుగు ఒత్తులు విడిపోతాయి, అరబీ అక్షరాలు కలవవు. ఖరీదైన సాఫ్ట్‌వేరును దొంగ నకలుగా వాడకండి. అది పరుల సొత్తు. స్తోమత లేనప్పుడు స్క్రైబస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఉన్నది. పురుషోత్ కుమార్ గుత్తుల గారు రూపొందించగా సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, గిడుగు, గురజాడ వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. మీ అమ్మాయి, అబ్బాయి చేయబోయేది టైపు కొట్టే పని అనకండి. ఒక తల్లి పేరు కాగితంపై సరిగా నిలబడడం, ఒక దుఆ తిరగబడకుండా అచ్చవడం, మన పెద్దలు వ్రాసినది మన మనుమలకు దొరకడం ఇకపై వీరి చేతులలో ఉంటుంది. ఇందులో సంపాదన నెమ్మదిగా వస్తుంది. మొదటి రెండేళ్లు ఓపిక పట్టండి.

బిడ్డలారా, ఏ పని చేసినా చివరి ప్రూఫు చూడకుండా అచ్చుకు పంపకండి. తొందరపెట్టే మా వంటి పెద్దలు ఎవరైనా సరే, నిలబెట్టి చూపించండి. కలం ద్వారా నేర్పిన ఆ ప్రభువు మీ చేతులకు బరకతు, మీ కళ్లకు జాగరూకత ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలామ్.